ఏడో నంబరు అద్దె సైకిలు: మరమ్మతు డైరీ

చీరాల సైకిలు షాపు తాత పోయి పది నెలలు దాటింది. తొంభైకి దగ్గర పడ్డాక కూడా పొద్దున్నే తలుపు తీసి, తొట్టిలో నీళ్ళు నింపి, గాలి పంపు అరుగు మీద పెట్టిన మనిషి. షాపు ఖాళీ చేసేటప్పుడు ఇంటివాళ్ళు మూడు వస్తువులు విడిగా తీసి ఉంచారు: పనిముట్ల పెట్టె, అద్దె పుస్తకాలు, వెనక మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో 7 అని రాసిన సైకిలు. అద్దెకు తిరిగిన బళ్ళలో చివరికి మిగిలింది ఈ ఒక్కటే. సంవత్సరీకం నాటికి దీన్ని మళ్ళీ రోడ్డెక్కించాలి.

పని మొదలుపెట్టే ముందు పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. రంగు వేయకూడదు, కొత్త పూత పెట్టించకూడదు. ఆయన చేతి మరమ్మతు ఎక్కడుంటే అక్కడ అలాగే ఉండాలి. ఏదైనా బొత్తిగా పనికిరాకపోతేనే మార్చాలి, మార్చిన ముక్కను పొట్లం కట్టి చీటీ రాసి దాచాలి. తళతళలాడే సైకిలు కావాలంటే బజార్లో కొత్తదే దొరుకుతుంది. ఈ సైకిలు మీద ఉన్నది ఆయన యాభై అరవై ఏళ్ళ పని.

మొదటి రోజు: చూసి రాసుకోవడం

హెర్క్యులిస్ ఫ్రేము, 24 అంగుళాలది. మద్రాసు పక్కన అంబత్తూరులో 1949లో పెట్టిన టీఐ సైకిల్స్ వాళ్ళ సరుకు. చక్రాలు 28 × 1½. ముందు చక్రానికి 32 ఊచలు, వెనక్కి 40. రాడ్ బ్రేకులు. ముందు పళ్ళచక్రం 44 పళ్ళు, వెనక ఫ్రీవీలు 18. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది.

తుప్పు అంతటా ఒకేలా లేదు. ముందు సగం మీద పైపైన సముద్రపు గాలి తుప్పే. వెనక మాత్రం రిమ్ము, ఊచల మెడలు, క్యారేజీ కాళ్ళు తినేసినట్టున్నాయి. కారణం అద్దె పుస్తకంలోనే ఉంది. వాడరేవు పేరు వారానికి నాలుగైదు సార్లు కనిపిస్తుంది. చేపల బుట్ట క్యారేజీ మీద పెడితే ఉప్పునీళ్ళు సరిగ్గా వెనక హబ్బు మీదే కారుతాయి. మిగతా రోజుల్లో నూలు చిలపల మోపులు మోసింది, వాటి వల్ల బరువు తప్ప నష్టం లేదు.

ముందు ఫోర్కు మీద మున్సిపాలిటీ సైకిలు పన్ను బిళ్ళ ఉంది. అంకెలు అరిగిపోయాయి. ఒక మేకు వదులైతే బిళ్ళ కొంచెం పక్కకు తిరిగింది. దాని కింద, ఎండ తగలని ఆ కాస్త చోట, కంపెనీ నల్ల రంగు అద్దంలా మెరుస్తోంది, మీద వెంట్రుకంత బంగారు గీత. బిళ్ళను మళ్ళీ మూసేశాం. ఆ రంగు అక్కడే భద్రంగా ఉంటుంది.

కింది గొట్టానికి తల దగ్గర ఒకప్పుడు పగులు వచ్చింది, దాన్ని ఇత్తడితో గ్యాసు వెల్డింగు చేసి ఆకురాయితో నున్నగా తీశారు. గోరు పెట్టి లాగితే ఎక్కడా తట్టదు. మామూలు ఇనుప వెల్డింగు పెట్టి ఉంటే ఈ పల్చటి గొట్టం పక్కనే కాలి మళ్ళీ చీలేది. ఇత్తడి తక్కువ వేడికే కరుగుతుంది కాబట్టి గొట్టం బలం పెద్దగా పోదు. దీని జోలికి వెళ్ళం.

రెండు, మూడు, నాలుగు రోజులు: విప్పడం

సీటు గొట్టం ఫ్రేములో బిగుసుకుపోయింది. కిరసనాయిలు, మిషను నూనె సగం సగం కలిపి పైనుంచి చుట్టూ వదిలి నాలుగో రోజు దాకా ఉంచాం. ఈలోపు తిప్పబోతే ఫ్రేము చెవులు వంకరపోతాయి. ఆ రోజు సీటునే పిడిలా పట్టుకుని కుడి ఎడమలకు ఆడిస్తూ పైకి తీస్తే వచ్చింది.

పాత సైకిళ్ళ మీద ఎక్కువ మంది చెడగొట్టేది కాటర్ పిన్నులను, అంటే పెడలు క్రాంకులను ఇరుసుకు పట్టి ఉంచే పిన్నులను. నట్టు మొత్తం తీసేసి మర మీద సుత్తితో కొడతారు, మర పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఇక పిన్ను రాదు, డ్రిల్లు పెట్టాల్సిందే. నట్టును పిన్ను కొసకు సమానంగా వచ్చేవరకే వదులు చేయాలి. క్రాంకు కింద అంగుళం ఇనుప గొట్టాన్ని నేల మీద నిలబెట్టి ఆనించాలి, లేకపోతే దెబ్బంతా లోపలి బాల్సు మీద పడి కప్పుల్లో గుంటలు పడతాయి. చిన్న చిన్న దెబ్బలు పది వేసే కన్నా బరువైన సుత్తితో ఒకే దెబ్బ మేలు. కుడిది మొదటి దెబ్బకే వచ్చింది. ఎడమది మూడు దెబ్బలు తీసుకుంది.

రెండు పిన్నుల చదును ముఖం మీదా ఆకురాయి గీతలు ఒకే వాలులో, ఒకే దిక్కుగా ఉన్నాయి. షాపులో కొన్న పిన్ను ఉన్నదున్నట్టు సరిపోదు. వేసి చూసి, తీసి, రెండు మూడు గీతలు గీసి మళ్ళీ వేయాలి. ఆ ఓపిక ఈ ముఖం మీద కనిపిస్తోంది. రెంటినీ మళ్ళీ వాడొచ్చు.

విప్పేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన ఎదురు మరలు మూడు. ఎడమ పెడలు, కుడివైపు లోపలి స్థిర కప్పు, ఫ్రీవీలు మూత. మూడూ మామూలుకు వ్యతిరేకంగా తిప్పితేనే ఊడతాయి. స్థిర కప్పును అసలు తీయలేదు. లోపల వేలు పెట్టి చూస్తే బాల్సు తిరిగే బాట నున్నగా ఉంది, గుంటల్లేవు. బాగున్నదాన్ని కేవలం శుభ్రం చేయడానికి ఊడదీయడం తప్పు.

ముందు ఇరుసు నట్టు కింద ఒక కంచు వాషరు కనబడింది. కిరసనాయిల్లో కడిగితే చిల్లు కాణీ! 1943 నుంచి 1947 వరకు వేసిన, నడిమి చిల్లున్న ఆ పైసా. ఇరుసు అందులోంచి హాయిగా దూరుతుంది. ఉప్పుగాలిలో కంచు, ఇనుము ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే ఇనుమే ముందు తుప్పు పడుతుంది, కాబట్టి అక్కడ గ్రీజు దట్టంగా పెట్టాలి. కాణీని తీసిన చోటే మళ్ళీ వేస్తాం.

రెండో వారం: తుప్పు

చిన్న భాగాలకు ఆగ్జాలిక్ ఆమ్లం. లీటరు నీటికి 30 గ్రాములు, ప్లాస్టిక్ తొట్టిలో, ఆరుబయట, రబ్బరు తొడుగులు వేసుకుని. ఇది విషం. వంటింటి గిన్నెలు, చెంచాలు వాడకూడదు, పిల్లలు తిరిగే చోట పెట్టకూడదు. రాత్రికి వేసి పొద్దున తీయాలి. రెండు రోజులు వదిలేస్తే ఇనుము మీద పసుపుపచ్చటి పొర కడుతుంది, అది గీకితే గానీ పోదు. క్యారేజీ స్ప్రింగు విషయంలో ఆ పొరపాటు జరిగింది. తీశాక వాషింగ్ సోడా నీళ్ళలో ముంచి, మంచినీళ్ళతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి నూనె గుడ్డతో తుడవాలి. గంటసేపు తడిగా వదిలినా కొత్త తుప్పు ఎర్రగా లేస్తుంది.

ఫ్రేముకు ఇది వద్దు. ఫ్రేమును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, రంగు పోయిన చోట్ల మాత్రం కాచిన అవిసె నూనె చాలా పల్చగా రాశాం. మందంగా రాస్తే జిడ్డుగా ఉండిపోయి దుమ్ము పట్టేస్తుంది. 7 అంకె మీద ఏదీ రాయలేదు. ఆ తెల్లరంగు కింద ఇంకా పాత అంకె నీడ ఉంది, అదీ 7. అంటే ఒకసారి చెరిగిపోతే అదే చోట మళ్ళీ రాశారు.

మూడో వారం: వెనక చక్రం

అసలు పని ఇదే. 40 ఊచల్లో ఆరు విరిగాయి, ఆరూ కుడివైపువి, ఆరూ హబ్బు దగ్గర మెడలోనే. కుడివైపు ఫ్రీవీలు ఉండటం వల్ల హబ్బు అంచు కొంచెం లోపలికి జరిగి ఉంటుంది. రిమ్ము నడిమికి రావాలంటే కుడి ఊచలు ఎక్కువ బిగువుగా ఉండాలి. బరువు పడ్డప్పుడు ముందు తెగేవీ అవే. దానికి తోడు చేపల నీళ్ళు.

మిగిలిన ఊచలను చూస్తే మూడు రకాల మందాలు. కుడివైపు బరువు పడేచోట లావు ఊచలు, ఎడమవైపు సన్నవి, మధ్యలో కొన్ని అసలు కంపెనీవి. చూడగానే చేతికి దొరికినవి పెట్టారనిపిస్తుంది. హబ్బును చేతిలో తిప్పుతూ లెక్కపెడితే అలా కాదు. లావువి ఒకటి విడిచి ఒకటి, పెడలు తొక్కినప్పుడు లాగబడే దిక్కులోనివే. అంటే విరిగిన చోట విరిగినట్టు కాదు, ఆలోచించి వేసినవి. మేం వేసే ఆరింటికీ అదే వరస పాటించాం. ఊచ పొడవు పుస్తకంలో చూసి కొనడం కన్నా, విరగని పాత ఊచ ఒకటి తీసి షాపుకు పట్టుకెళ్ళి పక్కన పెట్టి కొలవడం నయం. రెండు మిల్లీమీటర్లు పొడుగైతే నిప్పిలు (ఊచ కొసను రిమ్ముకు బిగించే నట్టు) దాటి వచ్చి ట్యూబును పొడుస్తుంది. అలా వచ్చిందాన్ని రిమ్ము లోపలివైపు ఆకురాయితో అరగదీయాలి.

వెనక చక్రం అల్లికలో ప్రతి ఊచా నాలుగింటిని దాటుతుంది, ముందు చక్రంలో మూడింటిని. ఆఖరి దాటు దగ్గర ఒకదాని కింది నుంచి పోవాలి. అది మరిచిపోతే చక్రం నిలబడుతుంది కానీ గుంటలో పడగానే ఊచలు వదులవుతాయి.

బెండు తీయడం ఆయన పద్ధతిలోనే. సైకిలును తలకిందులు చేసి సీటు, హ్యాండిలు మీద నిలబెట్టి, వెనక ఫోర్కు మీద చెయ్యి ఆనించి, వేళ్ళ మధ్య సుద్దముక్క పట్టుకుని రిమ్ముకు దగ్గరగా తేవాలి. చక్రం తిప్పితే బయటికి వచ్చిన చోట మాత్రమే సుద్ద అంటుకుంటుంది. గీత పడిన చోట ఎదుటివైపు ఊచలను పావు చుట్టు బిగించి, గీత వైపు ఊచలను పావు చుట్టు వదలాలి. అర చుట్టుకు మించి ఒక్కసారిగా తిప్పితే ఇక్కడి బెండు అక్కడికి పోతుంది, గంటసేపు దాన్ని తరమడమే పని. ముందుగా ఎత్తుపల్లాలు, తర్వాత పక్క బెండు. ఈ క్రమం తిరగేస్తే రెండు సార్లు చేయాలి.

మా తొలి ప్రయత్నంలో జరిగింది అదే. పక్క బెండు చక్కగా పోయింది, టైరు వేశాక చూస్తే చక్రం కోడిగుడ్డులా లేచి పడుతోంది. తుప్పు పట్టిన నిప్పిళ్ళు కూడా మోసం చేశాయి. కీ తిరుగుతుంటే ఊచ కూడా దాంతో పాటు మెలి తిరిగింది, బిగువు పెరగలేదు. ప్రతి నిప్పిలు దగ్గర చుక్క నూనె వేసి ఒక రాత్రి వదిలి, ఊచను కటింగ్ ప్లేయరుతో గట్టిగా పట్టుకుని తిప్పితే సరయింది. రిమ్ము మీద అటూ ఇటూ మిల్లీమీటరు తేడా మిగిలింది. రాడ్ బ్రేకుకు అది చాలు. ఇంకా బిగిస్తే తుప్పు తిన్న రిమ్ము నిప్పిళ్ళ దగ్గర చిరిగే ప్రమాదం ఉంది.

చివర్న ఊచలను వేలితో మీటి విన్నాం. కుడివైపు 20 ఊచలూ దాదాపు ఒకే స్వరం పలకాలి, లావువి కొంచెం మందంగా పలికితే ఫరవాలేదు. ఒకటి బొంగురు పోయింది, దాన్ని పావు చుట్టు బిగించాం. ఆయన షాపు ముందు నుంచి పోతుంటే మధ్యాహ్నం పూట వినిపించే టింగు టింగు శబ్దం ఇదే. ఊచలు మీటకుండా ఆయన చేతిలోంచి చక్రం బయటికి పోయేది కాదు.

ఫ్రీవీలు

మూత మీది రెండు గుంటల్లో ఒకదానికి ఉలి ఆనించి, గడియారం ముల్లు తిరిగే వైపు కొడితే ఊడుతుంది. కింద పెద్ద పళ్ళెం పెట్టుకోవాలి. 1/8 అంగుళం బాల్సు పదుల కొద్దీ దొర్లుకుంటూ వస్తాయి. లోపల రెండు కుక్కలు (తొక్కినప్పుడు పళ్ళకు తగులుకుని చక్రాన్ని లాగే కొక్కేలు), వాటి వెనక వెంట్రుక లాంటి స్ప్రింగులు. తొక్కితే జారుతోందని వచ్చే సైకిళ్ళలో చాలావాటికి కుక్కలు అరగవు, గ్రీజులో ఇరుక్కుంటాయి. వీటిలోనూ గ్రీజు గట్టిపడి మైనంలా ఉంది. అది ఆయన పెట్టింది కాదని అనుమానం, ఎందుకంటే పెట్టెలో ఫ్రీవీలు కోసమే విడిగా నూనె సీసా ఉంది. బాల్సు బాటలో అతి పల్చగా గ్రీజు, కుక్కల దగ్గర నూనె చుక్కలు మాత్రమే. కొబ్బరినూనె మాత్రం వద్దు. కొన్నాళ్ళకు జిగురవుతుంది.

మూత కింద పల్చటి రేకు చుట్టలు రెండున్నాయి. ఒకటి తీసేస్తే ఊగులాట తగ్గింది, కానీ రెండో చుట్టు తిరిగేసరికి పట్టేసింది. పట్టేసిన ఫ్రీవీలుతో తొక్కడం ఆపితే చైను కిందికి జారి ఊచల్లో పడుతుంది. చుట్టను తిరిగి వేశాం. ఆ కాస్త ఊగులాట ఉండాల్సిందే.

బాల్సు, చైను

ముందు హబ్బుకు పక్కకు పదేసి, 3/16 అంగుళం. వెనక పక్కకు తొమ్మిదేసి, పావంగుళం. క్రాంకుల మధ్య ఇరుసుకు పక్కకు పదకొండు, పావంగుళమే. హ్యాండిలు కప్పుల్లో 5/32. కప్పు నిండా పెట్టి ఒక్క బాలు చోటు ఖాళీగా వదలాలి. కిక్కిరిస్తే ఒకదాన్నొకటి రాచుకుంటాయి. పాతవాటిలో కొత్తవి కలపకూడదు. కొత్తది వెంట్రుకవాసి పెద్దగా ఉండి బరువంతా అదే మోసి కప్పును గుంట చేస్తుంది. అందుకే వెనక తొమ్మిదిలో రెండు పాడైతే పద్దెనిమిదీ మార్చాం. పెట్టెలో ఉన్న నాలుగు కొబ్బరి చిప్పలు దేనికో అప్పుడు అర్థమైంది: ఒక్కో సైజు బాల్సు ఒక్కో చిప్పలో. గుండ్రటి అడుగు కాబట్టి నూనె వేళ్ళతో కూడా తేలిగ్గా అందుతాయి.

బాల్సును కప్పులో నొక్కి ఉంచే కోను బిగింపుకు పరీక్ష తేలిక. చక్రాన్ని గాలిలో ఎత్తి వదిలితే వాల్వు బరువుకే అది మెల్లగా కిందికి వచ్చి, అటూ ఇటూ ఊగి ఆగాలి. ఎక్కడపడితే అక్కడ ఆగితే బిగువెక్కువ. రిమ్ము పట్టుకుని పక్కలకు కదిపితే కటకటలాడితే వదులు. లాక్‌నట్టు బిగించేటప్పుడు కోను ఇంకాస్త లోపలికి పోతుంది, కాబట్టి ముందే రవ్వంత వదులు ఉంచాలి.

చైను 12 అంగుళాలకు 24 లింకులు రావాలి. పాత చైను అదే 24 లింకులకు 12 అంగుళాల 3/16 దాకా సాగింది. మార్చాం. కొత్త చైను లాకు మూసిన కొస నడిచే దిక్కుకు ఉండాలి.

ట్యూబు

వెనక ట్యూబుకు పదకొండు ప్యాచీలు. గాలి ఆగింది! ఒక్క వాల్వు ట్యూబు ముక్క (వాల్వుకు తొడిగే సన్న రబ్బరు గొట్టం) మాత్రం వేసవి వేడికి అంటుకుపోయి సన్నగా వదులుతోంది. వాల్వు మీద కాస్త ఉమ్మి పెడితే బుడగ లేచింది. అంగుళం వాల్వు ట్యూబు కొత్తది తొడిగితే సరిపోయింది.

ఆ పదకొండూ పాత ట్యూబుల్లోంచి గుండ్రంగా కత్తిరించినవే. నలుచదరపు ప్యాచీ మూల దగ్గర మొదట లేస్తుంది. అంచులు కూడా ఏటవాలుగా అరగదీసి ఉన్నాయి, వేలు రాస్తే మెట్టు తగలదు. పంక్చరు వేసేవాళ్ళు తొందరపడేది సొల్యూషన్ దగ్గర. రెండువైపులా పల్చగా రాసి, తడి మెరుపు పోయి వేలికి అంటీ అంటనట్టు అయ్యాక అతికించాలి. ఐదు నిమిషాలు ఆగాలి. తడి మీద అతికిస్తే లోపల బుడగ చిక్కుతుంది, ఎండలో టైరు వేడెక్కగానే ఊడుతుంది. ఈ ట్యూబు మారదు.

బ్రేకు, సీటు, డైనమో

బ్రేకు రబ్బర్లు గట్టిపడ్డాయి, నాలుగూ కొత్తవి. రిమ్ముకు మూడు మిల్లీమీటర్ల దూరం. సీటు తోలు ఎండి బిరుసెక్కింది. లోపలివైపు ఒక్క పూత నూనె, ముక్కు కింది బోల్టు అర చుట్టు. ఎక్కువ నూనె పోస్తే తోలు సాగి ఉయ్యాలవుతుంది.

డైనమో 6 వోల్టులు, 3 వాట్లు. దాని తల టైరు పక్కకు సూటిగా, హబ్బు మధ్యకు గురిపెట్టినట్టు నిలవాలి. వంకరగా ఉంటే జారుతుంది, టైరును తింటుంది. ముందు బల్బు 2.4 వాట్లది. దీపం వెలిగింది, కానీ అదురుతోంది. ఫ్రేముకు తగిలే చోట రంగు, తుప్పు ఉండటం వల్ల కరెంటు తిరుగుదారి దొరకడం లేదు. ఇక్కడ ఒక గోరంత రంగు గీకక తప్పలేదు, చీటీలో రాశాం.

ఐదో వారం: పరీక్ష

క్యారేజీ మీద 25 కిలోల బియ్యం బస్తా కట్టి పేరాల వీధుల గుండా పన్నెండు కిలోమీటర్లు. తిరిగొచ్చాక కాటర్ నట్లు రెండూ దాదాపు అర చుట్టు బిగిశాయి. ఇది తప్పకుండా చేయాలి. మొదటి ప్రయాణంలో పిన్ను ఇంకా లోపలికి కూర్చుంటుంది, నట్టు బిగించకుండా వదిలేస్తే క్రాంకు టకటకలాడి చదును ముఖం గుండ్రపడుతుంది. వెనక ఊచలు రెండు పావు చుట్టు అడిగాయి. మళ్ళీ తలకిందులు, మళ్ళీ సుద్ద.

మిగిలింది బెల్లు. మూత లోపలి స్ప్రింగు తునిగింది. పెట్టెలోని మరో రెండు పాత బెల్లులు విప్పి చూస్తే లోపల కంపెనీ స్ప్రింగు లేదు. గడియారం స్ప్రింగును బొటనవేలి గోరంత ముక్క కోసి, కొస కాల్చి మెత్తబరిచి కొక్కెంలా వంచి పెట్టారు. కొస కాల్చకుండా వంచితే పుటుక్కున విరుగుతుంది, మొత్తం కాలిస్తే స్ప్రింగు గుణమే పోతుంది. కొవ్వొత్తి మంటలో కొస ఎర్రబడేదాకా పట్టి, నడుమ తడి గుడ్డ చుట్టి ఉంచితే కుదురుతుంది. అదే పెట్టెలో, అగ్గిపెట్టెలో చుట్టి దాచిన గడియారం స్ప్రింగు ఇంకో జానెడు ఉంది. రేపు దాంట్లోంచే కోస్తున్నాం.